హారిక అప్పగింతల పాట

ఆ, హలో… నవతనే. ఎల్లారెడ్డిల ఉండే నాగవ్వ బిడ్డనే. చెప్పు దేవేందరన్నా.

…

బిడ్డ పెండ్లి మంచిగయిందా? కామారెడ్డిల పెద్ద ఫంక్షన్ హాలంట గద. స్టేటస్‌ల చూసిన.

…

ఇప్పుడా? ఫోన్లనా?

అంటే… బిడ్డను తోలుకుంట నువ్వు పాడలేవు, అప్పగింతలప్పుడు మా అవ్వ ఇక్కడ పాడితే, నువ్వక్కడ ఫోను మైకు కాడ పెడ్తవు. మీ హారికకు ఆ పాటంటే పానం. వియ్యాలోళ్లు గూడ ఖుషీ అయితరు. గంతేనా?

…

అవ్వ ఇక్కడనే ఉన్నది. బీడీలు చేస్తున్నది. పాడదు.

…

కోపమా? నాకున్నది. బొచ్చెడున్నది. అవ్వకు కోపం లేదు. అవ్వకు ఇప్పుడు పాటనే లేదు.

…

ఉండు, నన్ను చెప్పనియ్యి. మా ఇంటికొచ్చిన దినం యాదున్నదా? అవ్వ ఒళ్లె చాట పెట్టుకొని, ఆకు చుట్టుకుంట, తనల తాను పాడుకుంటున్నది. సెల్లు పెట్టి రికార్డు చేసుకున్నవు. చాయ్ తాగి పోయినవు. తర్వాత చూస్తే యూట్యూబుల నీ పాట! రచన దేవేందర్, గానం దేవేందర్. పెండ్లిపిల్ల, పల్లకి, డోలక్…

…

సరే, ఆ పాటల ఏమున్నది? కొత్త బట్ట కట్టినం, పూలు చల్లినం, నలుగురు ఎత్తుకున్నరు, కడప దాటినవు, ఎనుకకు మర్లి చూస్తలేవు కొడుకా… గంతే గద?

"కొడుకా" తీసి "బిడ్డా" అని పెట్టినవు. మంచిగనే అతికింది. కానీ అన్నా, కొడుకును కడప దాటిచ్చి తల్లి ఎందుకేడుస్తది? ఒక్కపారన్న అడిగినవా?

…

ఆ. సమజైందా?

మా తమ్ముడు సతీశ్. బోరు మోటరు కాడ కరెంటు కొట్టి పోయిండు. వాన్ని ఎత్తుతుంటే అవ్వ ఏడ్చిన ఏడ్పు అది. నలుగురు ఎత్తింది పల్లకి కాదు. పాడె.

…

తెల్వదా? అడిగితే గద తెలుస్తది.

…

ఎందుకు చెప్పలేదంటవా? వచ్చిన. నీ స్టూడియోకొచ్చి తలుపు కాడ నిలబడ్డ. "ఏమన్న ఉంటే కామెంట్ల పెట్టు చెల్లె" అన్నవు. లోపటికి గూడ రమ్మనలే.

అప్పుడే అనుకున్న. ఈయనకు ఒక్క బిడ్డ ఉన్నది, దాని పెండ్లిల ఇదే పాట పెడ్తడు, గా దినం దాక నోరు మెదపొద్దని. ఇయ్యాల నేనే ఫోన్ చేద్దామనుకున్న. నువ్వే చేసినవు.

…

పాపమా? పెండ్లి దినం గిట్ల చేసుడు పాపమని నాకు చెప్తున్నవా?

మొన్న ఎండకాలం మా గల్లీల బరాత్ పోయింది. డీజేల అదే పాట. పోరగాండ్లు తాగి ఎగురుతున్నరు. అవ్వ తలుపు పట్టుకొని నిలబడి మొత్తం విన్నది. గప్పటి సంది పాడుతలేదు. సతీశ్ యాదికొచ్చి ఏడుద్దామన్నా నీ డోలకే వినిపిస్తదంట. తన ఏడ్పు తనకు లేకుంట చేసినవు గదనే!

…

ఆగు… ఎనుక ఏంది అది? పాట పెట్టేసిండ్రా?

యాడికి ఉరుకుతున్నవు? బంద్ చేయకు. రామారెడ్డిల, రాజంపేటల, ఊరూర్ల ఎంతమంది ఆడపిల్లలను తోలినవు ఆ పాటతోని! నీ పిల్లను గూడ తోలు. ఏమైతది?

…

ఆపించినవా. అందరికి ఏమని చెప్పినవు?… స్పీకర్ ఖరాబైందనా? అబద్ధం మాత్రం నాలిక మీదనే ఉంటది నీకు.

…

ఏం లేదవ్వా, నువ్వు బీడీలు చేసుకో. ఎవలో తెలిసినోళ్లు.

…

హలో… ఎవలు? హారికనా? మంచిగున్నవా బిడ్డా. అవును, నవతక్కను.

…

ఏడువకు. ఇష్టమైన పాట ఆపితే బాధనే గద.

…

నీ కోసమే రాసినన్నడా మీ నాయన?… నిన్ను పక్కన కూసోపెట్టుకొని, నువ్వు పోయే దినం తలుసుకొని రాసిన అని?

…

గట్ల చెప్పిండా.

…

లేదు బిడ్డా, ఎందుకు ఆపిండో నేను చెప్ప. ఫోన్ ఇయ్యకు ఆయనకు. మైకు ఇయ్యి. ఆ పాట ఎవలు కట్టిన్రు, ఎవల మీద కట్టిన్రు… వియ్యాలోళ్ల ముంగట, అందరి ముంగట చెప్పమను.

…

చెప్పేదాక నువ్వు కారెక్కకు. ఫోన్ పెడుతున్న.