కేవలం ప్రతిభ

తూర్పు కెంటకీలో ఒక బొగ్గుగనుల ఊరు. ఎన్నికల ముందు ఆదివారం. వంటింటి బల్ల దగ్గర వాండా, వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న ఆమె తమ్ముడు గ్రాంట్. పక్క గదిలో వాండా కూతురు కెల్సీ.

"అది కాదక్కా, నువ్వేం మాట్లాడక్కర్లేదు. స్టేజీ మీద నా పక్కన నిలబడు, చాలు."

"ఏ బట్టల్లో?"

"ఆస్పత్రి యూనిఫారంలో అయితే... జనానికి నచ్చుతుంది."

"నువ్వో? కోటేసుకుంటావా?"

"లేదు, గళ్ళ చొక్కా."

"ఓరి నీ అసాధ్యం కూలా! బోస్టన్ చదువుకెళ్ళాక ఒక్కరోజైనా తొడిగావట్రా గళ్ళ చొక్కా?"

"అక్కా, ఎన్నికలు."

"సరే, వస్తాను. ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడతాను. ముందు దాని సంగతి తేల్చు."

"దేని సంగతి?"

"అబ్బో, ఏమీ తెలీనట్టు! కెల్సీ స్కాలర్‌షిప్పు. జిల్లా మొత్తానికి ఒక్కరికే. నాలుగేళ్ళ చదువూ తిండీ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. బళ్ళో ఇదే ఫస్టు. ఇంతవరకూ కబురు లేదు. కమిటీ పెద్ద నీ కాలేజీ దోస్తే కదా, కనుక్కో."

"మొక్కజొన్న రొట్టె బావుందక్కా."

"రొట్టె సంగతి కాదురా నేనడిగింది."

"అందులో సిఫార్సులు నడవవు. పేర్లు కప్పేసి వ్యాసాలు చదువుతారు. ఎవరు బాగా రాస్తే వాళ్ళకే. కేవలం ప్రతిభ."

"మరీ మంచిది. అయితే దీనికే వస్తుంది. ...ఏంట్రా, మొహం అలా పెట్టావు?"

"అయిపోయిందక్కా. శుక్రవారమే తేల్చేశారు."

"ఎవరికి?"

"బాగా రాసినవాళ్ళకి."

"ఎవరికిరా?"

"స్పెన్సర్‌కి."

"ఏ స్పెన్సరు? ...మన స్పెన్సరా? నీ కొడుకా?"

"పోటీ చెయ్యాలని నిరుడు అమ్మ ఇంటికి మకాం మార్చాం కదా. కాగితాల ప్రకారం వాడూ ఈ జిల్లా పిల్లాడే. రూలు ప్రకారం తప్పేం లేదు."

"మకామా! మీ కుక్క కూడా రాలేదు కదరా ఆ ఇంటికి! లెక్సింగ్టన్‌లో గుర్రపుస్వారీ నేర్పే బళ్ళో చదివేవాడు ఈ జిల్లా పిల్లాడా? నీకు డబ్బు లేకనా?"

"డబ్బు కోసం కాదు, ఆ పేరు కోసం. అది ఒక్కటుంటే తర్వాత అన్ని తలుపులూ తెరుచుకుంటాయి."

"మరి నా పిల్లకి?"

"ఇక్కడే నర్సు ట్రైనింగో ఏదో..."

"రోగుల పక్కలు మార్చడానికి ఇంటికి ఒకర్తి చాలదట్రా?"

"నన్నేం చెయ్యమంటావు? వాడి వ్యాసం చదివి కమిటీవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. గనిలో పట్టిన నాన్న దగ్గు, ఉమ్మితే నల్లగా పడటం, రాత్రంతా నువ్వు వీపు నిమురుతూ కూర్చోవడం... అన్నీ రాశాడు."

"నాన్న మంచాన ఉన్నన్నాళ్ళూ వాడు ఈ గడప తొక్కాడా?"

"తొక్కలేదు. ఊహించి రాశాడు. అదే అక్కా ప్రతిభంటే! కష్టపడితే ఎవరికైనా..."

"ఆ మాట నీ బోర్డుల మీద రాసుకో. నా దగ్గర అనకు, కడుపు మండిపోతోంది. నేను ఏ మొహం పెట్టుకుని దానికి చెప్పను? నువ్వే చెప్పు. కెల్సీ! ఇలా రావే."

"ఇక్కడే ఉన్నానమ్మా. అంతా విన్నాను."

"కెల్సీ తల్లీ, చూడు... నీది బాగాలేదని కాదు. వాడిది ఇంకాస్త..."

"తెలుసు మావయ్యా."

"ఏం తెలుసే నీకు?"

"బళ్ళో ఏదో రాయాలి, తాతయ్య గురించి చెప్పమని స్పెన్సర్ ఫోన్ చేశాడమ్మా. చెప్తే రాసుకోవడం వాడికి రాలేదు. ఇంట్లోవాడే కదా అని మొత్తం నేనే రాసిచ్చాను. నాదానికంటే బాగా రాశాను."