చెయ్యి ఎత్తినా చిరగని జాకెట్టు

"మామ్మా, నిన్ననే తెచ్చిన కొత్త కోటు అది. చంకలో అలా కోసేస్తున్నావేంటి?"

కోస్తానే. కోసి ముక్క వేస్తాను. కూర్చో జ్యోతీ, నీ ఖాకీ కోటు ఎక్కడికీ పోదు. అమలాపురం టైలరు బాగానే కుట్టేడు, కాదనను. కానీ నిన్ను నిలబెట్టి, చేతులు కిందకి వదిలెయ్యమని కొలత తీసుకున్నాడు, అవునా? ఆయ్, అదే చెబుతున్నాను. సోమవారం నుంచి నువ్వు బస్సు కండక్టరువి. చేతులు వేలాడేసుకుని నిలబడే ఉద్యోగమా అది? ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకోవాలి, రెండో చేత్తో టిక్కెట్లు చింపాలి. రావులపాలెం చేరకముందే చంకలో పర్రుమంటుంది. ఆ చప్పుడు నేను విన్నాను. ఒకటి కాదు, ఏడు విన్నాను.

నీకెప్పుడూ చెప్పలేదు కదూ. మీ అమ్మకి చెప్పబోతే, దానికి వినే తీరికేదీ.

అప్పటికి నాకు పదిహేడు... కాదు కాదు, మా చిన్నతమ్ముడు అప్పటికే నడుస్తున్నాడు, పద్దెనిమిది ఉంటాయి. స్వతంత్రం వచ్చిన కొత్త. మా పేటలో ఆడదాని ఒంటి మీద రవిక ఉండేది కాదు. నువ్వు నమ్మవు. కోక ఒక్కటే. దాన్నే మోకాళ్ళ దాకా ఎగ్గట్టి గోచీ పెట్టి, పైట ఒక చుట్టు తిప్పి నడుముకి దోపుకునేవాళ్ళం. లేమి అంటావా, లేమే. కంట్రోలు గుడ్డ రోజులు, కార్డుకింతని ఇచ్చేవారు, గజం గుడ్డ కొనాలంటే రెండు రోజుల కూలి పోయేది. కానీ గుడ్డ దొరికినా తొడుక్కోకూడదు. అలాగని ఎవరూ చాటింపు వెయ్యలేదు. మేం కూలికెళ్ళే చేల కామందు గారి ఇంట్లో ఆడవాళ్ళు బుట్ట చేతుల జాకెట్లు తొడుక్కునేవారు. మాలో ఎవరన్నా తొడుక్కుంటే, "ఏవే, దొరసానివైపోయేవా" అని ఒక్క మాట. ఆ ఒక్క మాటకి జడిసి మా అమ్మలూ అమ్మమ్మలూ అలాగే బతికేసేరు.

ఊడుపులు నువ్వు చూసేవు కదా. ఎడం చేతిలో నారు కట్ట, కుడి చేత్తో నాటడం. పొద్దున్న వంగితే పొద్దు వాలేదాకా వంగే ఉండాలి. పైట జారుతుంది. పట్టుకోడానికి మూడో చెయ్యేదీ? మేం వెనక్కి నడుస్తూ నాటుతామా, కామందు గారి మేస్త్రి వీర్రాజు ఎప్పుడూ మాకు ఎదురుగా ఉన్న గట్టు మీదే నిలబడేవాడు. పని చూడ్డానికిట. వెనకాల గట్టు మీంచి చూస్తే పని కనబడదా? ఆ మాట నేనంటే మా అమ్మ నా నోరు నొక్కేసేది.

ఆ ఏడు పక్క ఊళ్ళో మహిళా మండలి అని పెట్టేరు. కుట్లు నేర్పడానికి ఓ టీచరమ్మ గారు వచ్చేరు. మంచావిడ, పాపం. ఉప్మా పెట్టి మరీ నేర్పేది. ఆ ఉప్మాలో జీడిపప్పు... సర్లే, ఉప్మా సంగతి తరవాత. నాలుగు నెలలు పని ముగించుకుని నడిచి వెళ్ళి నేర్చుకున్నాను. మా మేనత్త అచ్చమ్మతో కలిపి ఏడుగురిని పోగుచేసి, తలా రెండు రోజుల కూలి వేయించి, నీలం చారల గుడ్డ ఒక్క తానులోంచే ఏడు జాకెట్లు కుట్టేను. టీచరమ్మ గారు నేర్పినట్టే, అందరినీ నిలబెట్టి, చేతులు దించమని కొలతలు తీసుకున్నాను. మా అమ్మ మాత్రం తొడుక్కోనంది. "నాకొద్దే. నలుగురూ నిన్ను చూసి నవ్వే రోజు నేనూ చూస్తాను" అంది.

అలాగే అయ్యింది. ఏడుగురం వరసగా చేలో దిగేం. వీర్రాజు గొడుగు కింద నుంచి చూసేడు. రెండు వరసలు వెళ్ళేమో లేదో, పర్రుమంది. అచ్చమ్మత్తది. మా అత్త ఒళ్ళు నీకు తెలీదు కానీ, కొబ్బరి బోదె లాంటి మనిషి. ఆ వెనక ఇంకోటి. ఆఖరిది నాదే. వంగి చెయ్యి ముందుకి చాపితే చంక కింద గుడ్డ సాగాలి కదా, కుర్చీలో కూర్చునే వాళ్ళకి కుట్టినట్టు కుట్టేను నేను. వీర్రాజు గొడుగు ఊపుకుంటూ నవ్వేడు. "ఆ గుడ్డకి కూడా తెలుసే, ఎవరి ఒంటి మీద ఉండాలో. ఎల్లుండి నుంచి మీ అమ్మలు వచ్చినట్టు రండి" అన్నాడు.

పేటకి వచ్చేక అచ్చమ్మత్త జాకెట్టు విప్పి నా మొహాన కొట్టింది. "జారే పైటే నయం. అది జారితే ఎగదోసుకుంటాను. ఇది నన్ను అల్లరిపాలు చేసిందే" అంది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆ ఏడుగురూ ఇంకెప్పుడూ తొడుక్కోరు, వాళ్ళని చూసి వాళ్ళ పిల్లలు కూడా తొడుక్కోరు. అది నాకు తెలుసు.

మర్నాడు అమావాస్య. అరక కట్టరు, పొలం పని ఉండదు. అదే కలిసొచ్చింది. పొద్దున్నే అందరినీ మా వాకిట్లోకి లాక్కొచ్చి, "నాటినట్టు వంగండి" అన్నాను. వట్టి నేల మీద ఏడుగురూ వంగేరు. మా చిన్నతమ్ముడు చూసి వాడూ వంగేడు. అలా వంగినప్పుడు, చెయ్యి చాపినప్పుడు కొలతలు తీసుకున్నాను. చంకలో ఎంత చిరిగిందో అంతా విప్పేసి, నాలుగు మూలల ముక్క ఒకటి, మా అమ్మ పాత కోకలోంచి కోసి, ఐమూలగా తిప్పి అతికేను. అవును, మా అమ్మే ఇచ్చింది. తెచ్చి నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. ఏడు జాకెట్లు, పద్నాలుగు చంకలు. మిషను లేదు, అందరం చేత్తోనే కుట్టేం.

ఆ మర్నాడు మళ్ళీ అవే తొడుక్కుని వెళ్ళేం. వీర్రాజుకి నవ్వు రాలేదు. "విప్పితే దిగండి, లేపోతే పొండి" అన్నాడు. ఎవరి కాళ్ళూ కదల్లేదు. అప్పుడు, మొహాన కొట్టిన అచ్చమ్మత్తే, గట్టు మీద ముందుగా చతికిలబడింది. "నాకు మోకాళ్ళు నొప్పులండి మేస్త్రి గారూ, కాసేపు కూర్చుంటానండి" అంది. ఆవిడ పక్కన మేమంతా కూర్చున్నాం. జాకెట్టు లేని వాళ్ళు కూడా కూర్చున్నారు. మా అమ్మ కూడా.

నారు తెల్లారకముందే తీసేసేరు. కట్టలు చేలో పడున్నాయి. కాలవ నీళ్ళ వంతు ఆ సాయంత్రంతో సరి. చుట్టూ అన్ని ఊళ్ళలోనూ ఊడుపులే, వేరే మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఎండెక్కుతోంది. నారు కొసలు వాలుతున్నాయి. రైతు కూలి పిల్లలమే కదా, నారు వాడిపోతుంటే చూళ్ళేం. అయినా లేవలేదు.

కామందు గారు వచ్చేరు. "ఏవిటే ఈ గోల" అన్నారు. నేను లేచేను. "గోలేం లేదండి. నాటేది చేతులండి. రెండూ నాట్లకే కావాలండి. పైట సంగతి చూసుకోడానికి ఇది తొడుక్కున్నామండి. చేను మీదండి, నారు మీదండి, ఒళ్ళు మాదండి ఆయ్" అన్నాను. ఆ ఆఖరి ముక్క ఎలా వచ్చిందో నాకే తెలీదు. మా అమ్మ కళ్ళు మూసుకుంది.

ఆయన నా వంక చూడలేదు. నారు వంక చూసేరు, పొద్దు వంక చూసేరు. "దిగి చావండి" అన్నారు. మంచి మాటేం కాదు. మాకు అదే చాలు.

దిగేం. రోజంతా నా చెవులు చంకల దగ్గరే ఉన్నాయి. ఒక్క కుట్టు తెగలేదు. సాయంత్రం గట్టెక్కేక అచ్చమ్మత్త వీర్రాజు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంది. "చిరగలేదే పిల్లా" అంది, ఊరంతా వినబడేలా. ఆ రోజు నుంచి అతను వెనక గట్టుకి మారేడు. ఎవరూ చెప్పలేదు. చూడ్డానికి ఏముంది ఇక.

కోతలొచ్చేసరికి మా పేటలో జాకెట్టు లేని ఆడదు లేదు. మా అమ్మకీ కుట్టేను. కపిలేశ్వరపురం లంకల్లోంచి కూడా గుడ్డ పట్టుకుని పడవెక్కి వచ్చేవారు. ఇంకోటి చెప్పనా, రెండేళ్ళకి కామందు గారి కోడలు గారు మనిషి చేత కబురంపేరు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకుంటే చంకలో పట్టేస్తోంది, ఆ ముక్క వేసి పెడతావా అని. వేసేను. ఎందుకు వెయ్యను. తరవాత హుక్కులొచ్చేయి, నైలాన్లొచ్చేయి, మోచేతి దాకా చేతులొచ్చేయి, మళ్ళీ పైకి పోయేయి. అన్నీ కుట్టేను. ముక్క మాత్రం మానలేదు.

ఇదిగో, అయిపోయింది. తొడుక్కో. బొత్తాలు పెట్టుకో. పైన కడ్డీ ఉందనుకుని చెయ్యి ఎత్తు. అంత భయంగా కాదే, ఇంకా పైకి. చూసేవా, చప్పుడు లేదు. ఎవడన్నా "ఆడదానివి, నువ్వేం కండక్టరువే" అంటే, టిక్కెట్టు చింపి చేతిలో పెట్టు, అంతే. చల్లగా ఉండు తల్లీ, నిండు బస్సులో నిలబడి తిరుగు. మా అచ్చమ్మత్త ఉంటే ఎంత మురిసిపోయేదో...

ఏదీ, ఇప్పుడు రెండు చేతులూ ఎత్తు. నన్ను చూడనీ.