మీసాల సారు లీగు సచ్చిన రోజు

"తాతా, నువ్వు అమెరికోల్ల ఫుట్‌బాల్ ఆడినవట, నిజమేనా? అమ్మ చెప్పింది."

మీ అమ్మకేం పని లేదు. ఏదీ, ఆ ఫోను జర ఇటు సూపెట్టు. ఎవలే వీల్లు, ఇంతింత ముసలోల్లు రంగురంగుల బనీన్లేసుకొని ఏడుస్తుండ్రు? ఓహో, ఆ లీగేనా! థూ. ఎన్నడో మూతవడ్డదానికి ఇంకా ఏడుపేనా? ఆ రోజులు బంగారమంటుండా? బంగారం గాదు, ఇత్తడి.

నేనాడింది అమెరికాల గాదు బిడ్డా, గీ గల్ఫులనే, మెసయీద్ ఊర్ల. మీ నాయిన గీ ఫరీజ్ బిన్ మహమూద్ గల్లీల ఏసీ కింద దుప్పటి కప్పుకొని పంటున్నడు గని, మా క్యాంపుల రూముకు పన్నెండు మందిమి, ఒక్క ఫ్యాను. రియాలుకు రొట్టెల కట్ట అచ్చేది, ఇద్దరం తింటుంటిమి... కాదు కాదు, ముగ్గురం. ఆఁ, ఏం చెప్తున్న? సారు ముచ్చట. మా సైటుకు పెద్ద ఒక అమెరికా సారు ఉండె. పెద్ద మీసాలు. మీసాల సారు అంటుంటిమి. ఆయనకు ఆ లీగంటే పానం. ఆయన తమ్ముడు క్యాసెట్లు పంపుతుండె. బేస్తారం పొద్దుగూకినంక మెస్సుల టీవీ వెడితె, సినిమా అనుకొని పల్లేలు పట్టుకొని ఉరుకుదుము. సూస్తె గదే ఆట.

అదేం ఆట! గడియారం ఎనుకకు తిరుగుతది. ప్లాస్టిక్ గడ్డి. వేరే దేశాలల్ల ఆడి ఆడి మోకాళ్లు వోయినోల్లను కొనుక్కచ్చుకున్నరట, సంతల ముసలెద్దు కొమ్ములకు రంగేసినట్టు. నడుమ ఆడివిల్లల ఎగురుడు. అన్నిటికన్న పాడుదేందంటే, డ్రా లేదు. ఇద్దరు సమానమైతె ఒప్పుకోరు. ఎవడో ఒకడు ఓడకుంటె అమెరికోల్లకు తిన్నది అరగదు.

సారు మా క్యాంపుల నడుమ గదే లీగు వెట్టిండు, గవే రూల్సు. నాకు బంతంటే ఏందో ఎర్క లేదు. నేను ఇటుకలు పట్టేటోన్ని. గోడ లేస్తుంటె కట్టెలు గట్టి పలకలేస్తరు సూడు, కిందికెల్లి ఇసిరితె పలక మీద నిలవడి పట్టాలె. నేను, రాజన్న జోడి. రాజన్నంటె మన ఊరోడే, నాకు వరుసకు బావ. ఒకనాడు ఇటుక జర తక్కువచ్చింది. అందుకుందామని ముందుకు ఒక్క అడుగేసిండు. ఆడ పలక లేదు.

ఆంబులెన్సు తీస్కపోయింది. యల్లా యల్లా, కానియ్యిండ్రి కానియ్యిండ్రి అన్నడు ఫోర్‌మన్. మేం మల్ల ఇటుకలు పట్టినం.

అప్పటిసంది పలకెక్కితె కట్టె వట్టుకొని ఒక్క అడుగు ముందుకెయ్యకపోతుంటి. గంతల సారు నా చేతులు జూసి, నువ్వు గోల్‌కీపర్‌వి అన్నడు. టీముల ఆడేటోల్లకు స్టోరుల డ్యూటీ, నీడపట్టున. పలకెక్కే పని లేదు. గందుకే ఆడిన బిడ్డా, మోజువడి గాదు.

ఆఖరు మ్యాచు చెరొక గోలు. సమానమైనం, ఇగ తిందాం పాండ్రి అని ఎదుటోల్లు, మేము చేతులు గల్పుకున్నం. సారు ఈల ఊదిండు. డ్రా మాఫీ, అంటె లేదు! ఆ లీగు పద్ధతేందంటె, ఒకడు దూరంకెల్లి బంతి తీస్కొని ఒక్కడే ఉరికొస్తడు, అయిదు సెకన్లల్ల గోలు గొట్టాలె. కీపరు ముందుకురికి అడ్డం వోవాలె. నేను గీత మీదనే నిలవడ్డ. ముందుకు వో, ముందుకు వో అని సారు ఒర్రుతుండు. చెయ్యి వోతది, కాలు వోదు. ముందట అడుగేస్తె కింద ఏం లేదన్నట్టే ఉంటది నాకు. ఒకటి, రెండు, మూడు, అన్ని లోపటికే. ఇసుక మీద నిలవడి కింద వడ్తనని భయపడ్డోన్ని ఎన్నడన్న సూసినవా?

తెల్లారి మల్ల పలక మీదికే ఎక్కిచ్చిండ్రు.

కొన్ని నెలలకు అమెరికాల ఆ లీగు మూతవడ్డది. నష్టాలట. ముసలెద్దులను మేపితె నష్టం గాక ఏమైతది? సారు మెస్సుల అందర్ని జమజేసి, కండ్లల్ల నీల్లు దెచ్చుకొని, ఒక్క నిమిషం నిలవడుండ్రి అన్నడు. లీగుకు! రాజన్న సచ్చిననాడు ఈ సారే నిమిషం పని ఆపలే. నా కడుపు మండింది. లేవద్దనుకున్న. అందరు లేసిండ్రు, నేనూ లేసిన. కండ్లు మూసుకున్న. అంత మందిల సప్పుడు లేదు. రాజన్న కండ్లల్ల మెదిలిండు. ఆనాడు ఏడ్వనియ్యలే గదా, అప్పుడొచ్చింది ఏడుపు. ఎక్కెక్కివడి ఏడ్సిన.

సారు ఉరికొచ్చి నన్ను అలుముకున్నడు. లీగుకే ఏడుస్తున్ననుకున్నడు, పిచ్చోడు. తెల్లారి నన్ను మల్ల స్టోరులేసిండు.

సార్, లీగుకు గాదు, మా రాజన్నకు అని చెప్పచ్చు గదా? నాకు ఇంగ్లీషు రాకపాయె అని ఇన్నేండ్లు మీ అవ్వకు గూడ చెప్పిన. అబద్దం. రాజన్న అనే పేరుకు ఇంగ్లీషెందుకు? పలకంటె భయం బిడ్డా. నోరు మూసుకొని పోయి స్టోరుల కూసున్న. నాలుగేండ్లు కూసున్న, నీడకు, సల్లగ.

ఆ ఫోన్ల ఏడ్సే ముసలోల్లను తిడుతున్న గని... ఇగ ఆ ఫోను బందు వెట్టు. నువ్వు సల్లగుండాలె తల్లీ. గసొంటి నీడ నీకు అక్కెర వడద్దు.