వేలుసామి గుండెకు మూడు మిషన్లు

“ఏమే తంగం, ఆ ఏడుపు ఆపి టీ పొయ్యి. నీ అన్న వేలుసామికి ఏమీ కాలే. పొద్దున ఎదలో కొంచెం పట్టుకునింది, నీ మొగుడు కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ ఆస్పత్రికి పిలుచుకుపోయినాడు, అంతే. ఆడ నలుగురు డాక్టర్లు నన్ని చుట్టుకుని, ఏ పరీక్ష ముందు చేసేదని ఒకటే కొట్లాట. ఒకడు ఎకో అంటాడు, గుండె ఎట్ల కొట్టుకుంటాదో చూడాలంట. ఇంకొకడు సీటీ స్కాన్ అంటాడు, రక్తం పోయే గొట్టంలో అడ్డు ఉండాదేమో చూడాలంట. నేనే చెప్తిని, ‘కొట్లాడొద్దండి సార్, అన్నీ చేయండి, ఏది గెలుస్తాదో చూస్తాం’ అని.”

తంగం టీ కొట్టు బెంచీ మీద, వేలుసామి పక్కన కూర్చున్న కరుప్పయ్య నోరు తెరిచాడు. “అన్నీనా!”

“అన్నీ! ఎకో పెట్టె ఎద మీద పెట్టినారా, నా గుండె ఒక్క తన్ను తన్నె, పెట్టె పోయి ఫ్యానుకి తగులుకునె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీటీ మిషన్‌లోకి తోసి ఊపిరి బిగబట్టమనిరి. బిగబడితిని. డాక్టరు పోయి పరోటా తిని వచ్చె, నేను ఇంకా విడవలే. రంగు మందు ఎక్కించిరి, నా నరాలకి ఒక సీసా యాడ చాలేది? బిందెలతో మోసి పోసినారు. కడకు న్యూక్లియర్ స్కాన్. దానికి వేరే కిరణాల మందు ఎక్కించినంక ఒళ్లంతా వెలుగు! ఆస్పత్రిలో కరెంటు పోతే నన్ని పక్కన నిలబెట్టి ఇద్దరికి ఆపరేషన్ చేసిరి. వెంబకోట్టై టపాసులోళ్లు కారేసుకుని వచ్చి, ‘సామీ, ఈ వెలుగు మాకీయండి’ అని కాళ్లు పట్టుకునిరి!”

“అయ్యో దేవుడా!” తంగం చేతిలో గ్లాసు జారిపోయింది.

అప్పుడే ఆమె మొగుడు ముత్తుపాండి ఫోను పట్టుకుని రోడ్డు పక్క నుంచి వచ్చాడు. మొకం పాలిపోయి ఉంది.

“బావా, చాలించు. తంగం, ఈయన ఏ మిషన్‌లోకీ పోలే. రక్తం తీసుకున్నంక, స్కాన్‌కి వెండి మొలతాడు విప్పమనిరి. ‘మగోడికి పీనుగైతేనే కదా మొలతాడు తీసేది, నన్ని చంపేస్తారు’ అని అరుస్తా, ఆస్పత్రి గౌనుతోనే బస్సెక్కినాడు, ఇంటికొచ్చినంకే చొక్కా వేసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు.”

కరుప్పయ్య పగలబడి నవ్వాడు. ముత్తుపాండి నవ్వలేదు.

“ఇప్పుడు ఫోను చేసింది ఆస్పత్రి డాక్టరమ్మ. రక్తంలో తెలిసిందంట. నీ గుండెకి దెబ్బ తగిలిందంట బావా, ఇంకా తగులుతానే ఉండాదంట. నూటెనిమిది బండికి చెప్పినారు, వస్తా ఉండాది.”

కరుప్పయ్య నవ్వు ఆగిపోయింది. వేలుసామి వీపంతా చెమట. మెల్లగా మొలతాడు కనబడేలా చొక్కా పైకెత్తి చెల్లెలి వైపు తిరిగాడు.

“తంగం, నువ్వే విప్పమ్మా,” అన్నాడు. “నా చేతులు ఆడటం లే.”