చిన్నవ్వ మూటలు, జలపతి ఓడ

“నేను చేసింది పెద్ద పనేం కాదు. ఒక్క కాగితం దిద్దిన, గంతే,” అన్నాడు జలపతి.

సిరిసిల్లలో జానీమియా చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నవాళ్లెవరూ లేవలేదు. జలపతి గొప్పలు ఎప్పుడూ చిన్నగానే మొదలవుతాయని వాళ్లకు తెలుసు. పైగా అవి పొద్దు గూకితే బస్సులు బందయ్యే రోజులు. అడవిలో అన్నలొక దిక్కు, పోలీసులొక దిక్కు. ఏ ముచ్చటైనా పొద్దటి పూటే చెప్పుకోవాలి.

జలపతి బొంబాయిలో ఓడరేవు దగ్గర ఒక ఏజెంటు ఆఫీసులో పనిచేసి వచ్చాడు. విదేశాలకు పోయే సరుకుకు కాగితాలు రాయడం ఆ ఆఫీసు పని. ఓడలో పెట్టే ఇనుప పెట్టె మన ఇంటి అర్రంత ఉంటుంది. దాన్ని నింపేంత సరుకు చిన్న వ్యాపారి దగ్గర ఉండదు గదా, అందుకని పది మంది సరుకు కలిపి ఒకే పెట్టెలో వేస్తారు. ఎవరి సరుకుకు వాళ్ల కాగితాలు, పెట్టె మొత్తానికి ఇంకొక కాగితం. ఇందులో ఏ ఒక్కరి లెక్క తప్పినా అందరి సరుకూ ఆగుతుంది.

ఇప్పుడు జలపతి ఆ పని సొంతంగా పెట్టుకున్నాడు. హోటల్ ఎదురుగా టార్పాలిన్ కప్పిన లారీ అతను మాట్లాడుకున్నదే. దాని పక్కన, ఎండాకాలమంతా నేయించిన తువ్వాలల మూటల మీద కూర్చున్నది చిన్నవ్వ. మొగడు పోయినంక రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆమే నడుపుతున్నది. ఊళ్లో సేటుకు అమ్మితే నూలు ఖర్చు వస్తుంది, అంతకు మించి మిగలదు. దుబాయికి పోతే మిగులుతుంది. మధ్యలో పెట్టె ఆగిపోతే మాత్రం మళ్లీ నూలు కొనే దారి లేదు, సాంచెలు బందే.

“చెప్పు కొడుకా,” అన్నది. “నీ ముచ్చట విన్నంక ఎక్కించాల్నా వద్దా చూస్త.”

జలపతి చాయ్ ఊదుకున్నాడు.

“పోయినేడు మన దిక్కు నుంచి పదకొండు మంది సరుకు ఒక్క పెట్టెల ఏసినం అవ్వ. మెట్‌పల్లి పసుపు, కోరుట్ల బీడీలు, మన తువ్వాలలు. పసుపు వాసన తువ్వాలలకు పట్టకుంట నడుమ బీడీలు పెట్టిచ్చింది ఎవలు? నేనే.”

“మరి బీడీల వాసన పట్టదా?” అన్నాడు మొగిలయ్య. అతనిదీ సాంచెల పనే.

“పట్టనియ్యి! దుబాయిల మనోళ్లు లేరా? మొఖం తుడుసుకుంటే ఊరు యాదికొస్తది. సరే, ఇగ బొంబాయిల కస్టమ్స్ సారు ఒక మూట ఇప్పిండు. కాగితంల వంద తువ్వాలలు. లెక్కవెడితే నూటొకటి! సారు ఎగిరిపడ్డడు, ఇది దొంగ సరుకు, పెట్టె ఆపుండ్రి అన్నడు. ఆ ఒక్కటి యాడికెళ్లి వచ్చింది?”

“కొసరు,” అన్నది చిన్నవ్వ. “వందకు ఒకటి కొసరు పెట్టకుంట మూట ఎట్ల కడతరు? మా అత్త నాకు మొదలు నేర్పిందే గది.”

“అగో! ఆ సారు ఉత్తరాది మనిషి, ఆయనకేం ఎరుక? నేను ముందుకువోయి చెప్పిన. సార్, మా దిక్కు పాలు కొన్నా కొసరే, మిరపకాయ కొన్నా కొసరే, ఉత్త చేతుల్తోని లెక్కకు లెక్క ఇచ్చుడు మాకు నామోషీ అన్న. సారు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పటికప్పుడే కాగితం మీద ‘కొసరు’ అని కొత్త గడి గీసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీకెళ్లి తంతి వచ్చింది! దేశంల ఎన్ని రేవులున్నయో అన్నిట్ల ఆ గడి ఉండాలె అని. ఇయ్యాలటికి మద్రాసుల నా పేరు చెప్తే కుర్చీ ఏస్తరు.”

“బొంబాయిల?” అన్నాడు జానీమియా, గ్లాసులు కడుగుతూ.

“బొంబాయిల కుర్చీలకెళ్లి లేస్తరు, జానీభాయ్. అయినా అది సులువు పని. అసలు బొంబాయి చేరుడే కష్టమైంది. మెట్‌పల్లి దాటినంక అన్నలు లారీ ఆపిండ్రు. లారీల ఏమున్నదంటే కాగితాలు చేతుల పెట్టిన. దళం పెద్దమనిషి మొత్తం చదివి, ‘పదకొండు మంది కలిసి ఒక్క పెట్టెనా? మేం ఇన్నేండ్లు చెప్తున్నది గిదే గదా’ అన్నడు! అంతల్నే అవుతలికెళ్లి పోలీసులు దిగిండ్రు. వాళ్ల సారు అవే కాగితాలు చదివిండు. ‘పదకొండు మంది కలిసిండ్రా? ఎక్కడ కలిసిండ్రు? ఎందుకు కలిసిండ్రు?’ అన్నడు.”

బల్ల మీద అందరూ నవ్వారు. జానీమియా మాత్రం రోడ్డు వైపు చూశాడు.

“జర మెల్లగ, జలపతన్నా. ఠాణా దగ్గర్నే ఉన్నది.”

జలపతి గొంతు తగ్గించాడు. ముచ్చట తగ్గించలేదు.

“నేనేం చేసిన? కార్బన్ కాగితం తీసిన. పైకాపీ మీకు, కిందికాపీ వాళ్లకు, సంతకాలు చేయుండ్రి అన్న. తుపాకులు చెట్లకు ఆనిచ్చి అందరు ఒక్కటే లైన్ల నిలవడ్డరు. ముందటోనికి పెన్ను రాయకుంటే ఎనుకటోడు ఇచ్చిండు. ఎవలు ఎవలో నేను చెప్ప!”

“చెప్పకు, చెప్పకు,” అన్నాడు జానీమియా.

“గీ సంతకాలల్ల ఆలస్యమై, పెట్టె ఆఖరు గడియల ఓడెక్కింది. నేను ఆఫీసుల కాగితం తీసుకొని మల్ల రేవుకు వచ్చేవరకు ఓడ ఎల్లిపోయింది! పెట్టె ఓడల ఉన్నది, ఓడ కాగితం నా చేతుల ఉన్నది. ఆ కాగితం చూపెట్టందే అవుతలి ఒడ్డున పెట్టె ఎవ్వరికియ్యరు. నేను గట్టు మీద నిలవడి కాగితం ఊపిన. కెప్టెన్ దుర్భిణి పెట్టి చూసి, నా సంతకం గుర్తువట్టి, ఓడకు రివర్స్ గేరు ఏసిండు.”

“ఓడకు రివర్స్ గేరా!” అన్నాడు మొగిలయ్య.

“లేకుంటే ముందుకే పోతదా, వారీ? అంత పెద్ద ఓడ ఎనుకకు వస్తుంటే అలలు గుట్టలోలె లేసినయి. నా చెప్పుల దాక వచ్చి ఆగినయి. కాగితం తడవద్దని సముద్రానికి కూడా ఎరుకే.”

చిన్నవ్వ లేచింది. మూటలు దాటుకొని లారీ వెనక్కి పోయింది. చెయ్యి కడుక్కోవడానికనుకొని ఎవరూ పట్టించుకోలేదు.

“ఇగ నేను అదే ఓడెక్కి పోయిన. దుబాయిల శేకు వచ్చి పెట్టె తెరిచిండు,” జలపతి లేచి నిలబడ్డాడు, చేతులు బార్లా చాపాడు. “వంద తువ్వాలలకు నూటొకటి. ఇదేంది అంటే కొసరు అన్న. శేకు నన్ను కావలిచ్చుకొని, నువ్వు కొసరు ఇచ్చినంక నేను ఇయ్యనా అని, పెద్ద పెట్రోలు బావి పక్కపొంటి ఉన్న చిన్న బావి నా పేరు మీద రాసిండు.”

“మరి యాడున్నది ఆ బావి?”

“కాగితాలు అయితున్నయి.”

నవ్వు ఇంకా ఆగకముందే చిన్నవ్వ తిరిగి వచ్చింది. కూర్చోలేదు.

“మంచిగున్నది కొడుకా. ఒక్కటే అడుగుత. ఆ పదకొండు మంది సరుకు దుబాయి చేరిందంటివి. వాళ్లంత ఏమైండ్రు?”

“ఏమైతరు అవ్వ? మస్తుగున్నరు.”

“మస్తుగ అమ్ముకున్నోళ్లు మల్ల నీ ఎంట పడాలె గదా. ఒక్కలు రాలేదేంది? టార్పాలిన్ లేపి చూసిన. లారీల స్టెప్నీ టైరు తప్ప ఏం లేదు. నా మూటలు దేనితోని కలుపుతవు?”

మొగిలయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

“కోరుట్లల ఎక్కిస్తరు,” అన్నాడు జలపతి. చేతులు దించాడు. “మెట్‌పల్లిల కూడ అన్నరు. చూస్తం అన్నరు.”

“గట్లయితే ముందుగాల వాళ్లవి ఎక్కిచ్చుకొని ఆఖర్ల నా దగ్గరికి రా. పది మందివి ఎక్కినంక పదకొండోది నాది ఎక్కిస్త. ఉత్త లారీకి మొదటి మూట నాది కాదు.” చిన్నవ్వ కొంగు నడుముకు చుట్టింది. “మొగిలీ, జర చెయ్యి ఎయ్యరా. సేటు దుకాణం తెరిచి ఉంటది.”

మొగిలయ్య మూట ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస పట్టడానికి ఎవరూ కదలలేదు. కొంచెం సేపు చూసి జలపతే వచ్చి వంగాడు.

“మెల్లగ లేపు కొడుకా,” అన్నది చిన్నవ్వ. “మట్టి అంటితే సేటు ఇంక తక్కువకు అడుగుతడు.”