మంచు నిలవని కప్పు

నారిన్ పట్నం దగ్గర మా కొండ ఊళ్లో ఇళ్ల కప్పులన్నీ మంచుతో తెల్లబడ్డాయి, ఒక్కటి తప్ప. అది చూసి అన్న తమ్ముడి ఇంటికి వచ్చాడు.

"ఒరేయ్, నీ వెనక గది మీద మంచు నిలవలేదేం? లోపల ఏం కాగబెడుతున్నావు?"

"గంజాయి మొక్కలున్నాయన్నా. దీపాల వేడి."

"బుద్ధుందా? ఎదురిల్లు పోలీసుది!"

"ఆసుపత్రిలో నొప్పి తగ్గే సూదిమందు లేదన్నారు. ఆ పొగ పీలిస్తేనే నీ మరదలికి కాస్త కునుకు."

"వేడి పైకి రాకుండా కప్పు కింద ఉన్ని తివాచీలు కొట్టలేకపోయావా?"

"ఆమె పెళ్లికి తెచ్చినవన్నీ మందులకే అమ్మేశా."

"అయితే దీపాలు ఆర్పెయ్."

"మొక్కలు చస్తాయి. చలికాలమంతా ఆమె అరుపులు ఆ పోలీసు విన్నాడు. ఒక్కసారీ గుమ్మం తొక్కలేదు."

"అరుపులకి రాడురా. కప్పు చూసి వస్తాడు. పార ఇటివ్వు, మంచెత్తి పైన పోద్దాం."

"కరిగిపోద్దన్నా."

"మళ్లీ పోద్దాం."