పిడికిలంటే ఐదు

నా పేరు పైన రాసుకున్నారు కదండీ, మిల్లులో మాత్రం అందరూ మేడమీదోడనే పిలుస్తారు. వయసు ముప్పై ఎనిమిది. బట్టలకు రంగులేసే మిల్లులో, ఇనుప మెట్ల పైనుంచి తొట్లకు నీళ్లు వదలడం నా పని. భయంగా ఉంది సార్. మంచినీళ్లు తర్వాత, ముందు చెప్పనివ్వండి.

కింద ఐదు తొట్లు. మోటార్ల మోతలో పక్కనోడు అరిచినా వినపడదు. అందుకే ఏ తొట్టికి నీళ్లు కావాలో మా బావ, అంటే మా అక్క మొగుడు, కిందనుంచి కుడిచేత్తో చూపిస్తాడు. ఆ చేతికి చిటికెనవేలు లేదు, ఎప్పుడో బెల్టులో పడి పోయింది. కాబట్టి చెయ్యంతా చాపితే నాలుగు. ఐదో తొట్టికి పిడికిలి. ఎన్నో ఏళ్లుగా మాకదే లెక్క.

నిన్న పొద్దున కొత్త చేతితొడుగులిచ్చారు. బావ తొడుగులో ఖాళీ వేలు వేలాడకుండా, అదే మిల్లులో పనిచేసే అక్క అందులో గుడ్డ కుక్కి కుట్టింది. మాతోపాటే పనిచేసే మా తమ్ముడు నవ్వాడు. "బావా, వేలు మొలిచిందే! ఇక మాకు లెక్కలు మళ్లీ మొదట్నుంచీ నేర్పుతావా?" అన్నాడు. నవ్వుతూనే నాలుగో తొట్టిలోకి దిగాడు, అడుగు తోమడానికి.

పదిన్నరప్పుడు బావ చెయ్యి ఎత్తాడు. చెయ్యంతా చాపాడు. కొత్త వేలుందిగా, ఐదే చూపాడు. ఎవరినడిగినా ఐదనే అంటారు. నా కళ్లకు మాత్రం చాపిన చెయ్యంటే నాలుగు. నాలుగో తొట్టికి వాల్వు తిప్పేశాను. నేనే తిప్పాను సార్, బావ తప్పు లేదు. నీళ్ల దెబ్బకు తమ్ముడు జారి, తల గోడకు కొట్టుకుంది.

సాయంత్రం ఆస్పత్రిలో కళ్లు తెరిచాడు. డాక్టరు గారు రెండు వేళ్లు చూపించి "ఎన్ని?" అన్నారు. "రెండు" అన్నాడు. వేళ్లన్నీ ముడిచి "ఇప్పుడో?" అన్నారు. తమ్ముడు "ఐదు" అన్నాడు. డాక్టరు గారి మొహం మారిపోయింది. బావ గోడకానుకుని సంతోషంతో వెక్కివెక్కి ఏడ్చాడు, వాడు బాగున్నాడని. మేమెంత చెప్పినా డాక్టర్లు వినడం లేదు. వాడికి మతి పోయింది, రేపు పిచ్చాసుపత్రికి మారుస్తామంటున్నారు. నన్ను లోపలేసినా సరే, వాణ్ణి అక్కడికి పంపకండి.

ఇది నేను చూసిందీ చేసిందీ. నాకు చదివి వినిపించారు, ఒక్క మాటా మారలేదు. కింద వేలిముద్ర వేస్తున్నాను. ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి సార్. పిడికిలంటే ఐదేనని చెప్పండి.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)